కథకు మంగళం పాడేదెవరు? – టీవీ శాస్త్ర కల్పనలు, వాటి ముగింపులు

టీవీ సీరియల్ ముగింపు బాగుందో లేదో చెప్పడానికి మన పత్రికా విమర్శకుల దగ్గర ఒకే ఒక కొలబద్ద ఉంది. మొదట్లో వేసిన ముళ్లన్నీ చివరికి విప్పారా, లేదా? విప్పితే శభాష్. విప్పకపోతే ప్రేక్షకుణ్ణి మోసం చేసినట్టు. ముడి ఎవరి మెడకు పడింది, విప్పింది ఎవరి కోసం అనే ప్రశ్న ఈ కొలబద్దకు అందదు. శాస్త్ర కల్పనల విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎందుకంటే శాస్త్ర కల్పన రేపటి లోకం గురించి మాట్లాడతానని ముందే ఒప్పుకుని వస్తుంది. ఆ రేపటి ఊర్లో మాలపల్లె, మాదిగగేరి ఉంటాయా? ఉంటే ఏ దిక్కున ఉంటాయి? నీళ్లు ఎవరు తోడతారు, పెంట ఎవరు ఎత్తుతారు? మొదటి భాగంలో వీటిని అలంకారంగా చూపించి తప్పించుకోవచ్చు. చివరి భాగంలో తప్పించుకోలేరు. అందుకే మేము ముగింపుల దగ్గర నుంచే మాట్లాడదలచుకున్నాం.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. టీవీ కథ ముగింపు రచయిత బుర్రలోంచి ఊడిపడేది కాదు. దాని వెనక డబ్బు పెట్టేవాడుంటాడు, ప్రకటనలిచ్చేవాడుంటాడు, లెక్కలు చూసి ‘ఇంక చాలు’ అనేవాడుంటాడు. అమెరికాలో ‘బాబిలోన్ 5’ అనే సీరియల్‌ను స్ట్రాజిన్‌స్కీ అనే రచయిత అయిదేళ్ల కథగా ముందే గీసుకుని మొదలుపెట్టాడు. నాలుగో ఏడు వచ్చేసరికి ప్రసారం చేసే సంస్థ నిలబడేట్టు లేదు. ఇంక అయిదో ఏడు రాదేమోనని కథంతా నాలుగో ఏట్లోనే కుక్కేశారు, చివరి భాగం కూడా తీసి పెట్టుకున్నారు. తీరా వేరే చానెల్ వచ్చి అయిదో ఏడు ఇచ్చింది. తీసి దాచిన చివరి భాగాన్ని 1998లో బయటికి తీశారు. ఆ సీరియల్ చూసినవాళ్లు నాలుగో ఏడు పరుగు, అయిదో ఏడు నీరసం అంటారు. కారణం కథలో లేదు, ఖాతా పుస్తకంలో ఉంది.

ఆ లెక్కల పుస్తకానికి కూడా రంగూ జాతీ ఉంటాయి. ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి 1979లో ‘కిండ్రెడ్’ నవల రాసింది. ఈనాటి నల్ల యువతి కాలంలో వెనక్కి లాగబడి బానిస తోటల్లో పడుతుంది. నవల మొదటి వాక్యాల్లోనే ఆమె చేయి పోయిందని చెప్పేస్తుంది బట్లర్. ఆఖరు ఏమిటో ముందే చెప్పి, ఆ చేయి ఎట్లా పోయిందో చెప్పడానికి పుస్తకమంతా తీసుకుంటుంది. గతంలోంచి ఎవరూ పూర్తి శరీరంతో బయటపడరు అన్నదే ఆ నవల ఎముక. దీన్ని 2022 డిసెంబర్‌లో ఎనిమిది భాగాల సీరియల్‌గా ఇచ్చారు. కథ నడిమధ్యలో ఆపి ‘వచ్చే సీజన్‌లో చూద్దాం’ అన్నట్టు వదిలారు. రెండు నెలలు తిరిగేలోపే, 2023 జనవరిలో, రద్దు చేశారు. ముగింపునే పునాదిగా పెట్టుకున్న కథకు ముగింపు లేకుండా పోయింది! చేయి పోగొట్టుకున్న ఆడమనిషి కథలో చేయి పోయే ఘట్టమే టీవీకి ఎక్కలేదు. దీన్ని ఉత్త వ్యాపార విషయం అనుకోవడం మాకు సాధ్యం కావడం లేదు.

ఇక మన వైపు. 1990లలో కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో టీవీ అంటే ఊర్లో ఎవరింటి వసారాలోనో, పంచాయతీ ఆఫీసులోనో ఉండేది. మావోళ్ల పిల్లలు గడప ఇవతల నిలబడి చూసేవాళ్లు. బొమ్మ బాగా కనబడే చోటు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. దానికి తోడు కరెంటు. సరిగ్గా కథ పట్టులోకి వచ్చేసరికి గుటుక్కుమనేది. మాలో చాలామందికి సీరియల్ ముగింపంటే మర్నాడు బళ్లో ఎవరో చెప్పిన మాటే. అందువల్ల కాబోలు, ‘ఆఖరికి ఏమైంది’ అనే ప్రశ్న మాకు ఉబుసుపోక ప్రశ్న ఎప్పుడూ కాలేదు.

ఆ రోజుల్లో, 1998 ప్రాంతంలో, దూరదర్శన్‌లో ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చింది. మిలింద్ సోమన్ కథానాయకుడు, కేతన్ మెహతా దర్శకుడు. బృహస్పతి గ్రహానికి ఉపగ్రహమైన అయో మీద జైలు, అందులోంచి పారిపోయిన పన్నెండు మంది నేరస్తులు, వాళ్లను ఒక్కొక్కణ్ణే పట్టుకోవడం. కథ కట్టడంలో ఇది చిన్న తెలివేం కాదు. లెక్క చెప్పి మొదలుపెట్టిన కథ ఎప్పుడు అయిపోతుందో పిల్లోడికి కూడా తెలుస్తుంది. రెండు వారాలు తప్పినా ‘ఇంకా ఎంతమంది మిగిలిండారు?’ అని అడిగి కథలో పడొచ్చు. గడప బయట నిలబడి చూసే ప్రేక్షకుడికి ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు. కానీ పారిపోయినోళ్లను మళ్లీ జైల్లో వేయడమే ముగింపు అయినప్పుడు, ఆ జైలు ఎవరు కట్టింది, నేరస్తుడని ఎవరు రాసింది అని అడగడానికి కథలో చోటుండదు. 1911 నేరస్త తెగల చట్టంతో ఎరుకలోళ్లను పుట్టుకతోనే దొంగలని రాసి, స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో వేసి హాజరు పిలిచిన దేశం మనది. ఈ దేశంలో అంతరిక్షంలో జైలు కట్టేటప్పుడైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉండాల్సింది.

మా ఫిర్యాదుకు ఇంకో కారణం కూడా ఉంది. ఇదే కేతన్ మెహతా 1980లో గుజరాతీలో ‘భవనీ భవాయి’ అనే సినిమా తీశాడు. ముగింపుల గురించి మన దేశంలో ఎవరైనా గట్టిగా ఆలోచించి ఉంటే అది ఆ సినిమాలోనే అని మా అభిప్రాయం. రాజు దిగుడుబావి తవ్విస్తాడు, నీళ్లు పడవు. ముప్పై రెండు లక్షణాలున్న మనిషిని బలి ఇస్తే పడతాయంటాడు జ్యోతిష్కుడు. ఆ మనిషి పాకీవాళ్ల ఇంట్లో పెరిగిన జీవో. నిజానికి రాజు కొడుకే. పసిగుడ్డుగా ఉన్నప్పుడే చంపబోతే తప్పి పాకీవాళ్ల చేతికొచ్చినవాడు. ఈ కథను ఊరు విడిచిపోతున్న దళితుల గుంపులో ఒక ముసలాయన పిల్లలకు చెబుతుంటాడు. ముసలాయన చెప్పే ముగింపులో జీవో రాజకుమారుడని తెలుస్తుంది, బతుకుతాడు, బావిలో నీళ్లు పడతాయి, అందరూ సంతోషం. అప్పుడే గుంపులోని కుర్రవాడు ఇదంతా అబద్ధమని అడ్డం పడతాడు. రెండో ముగింపు వస్తుంది. జీవో చస్తాడు. నీళ్లు వస్తాయి గానీ, రాజును ముంచడానికి వస్తాయి.

పటాన్ సహస్రలింగ చెరువు కోసం బలైన మేఘ్ మాయా కథను గుజరాత్ దళితులు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకం ఈ సినిమా వెనక ఉంది. మా రాయలసీమకూ ఇలాంటి కథలు కొత్త కాదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ మీద కట్టమంచి రామలింగారెడ్డి కావ్యమే రాశాడు, ఆధునిక తెలుగు కవిత్వం అక్కడే మొదలైందనేవాళ్లున్నారు. బలి, తర్వాత గుడి, తర్వాత పూజ. కట్ట నిలిచింది కాబట్టి కథ కంచికి. ‘భవనీ భవాయి’లో కుర్రవాడు అడ్డం పడినట్టు ఈ కథలకు అడ్డం పడ్డవాళ్లు లేకపోలేదు, అచ్చులోకి రాలేదంతే. సరే, అంతటి ముగింపు తీసిన మనిషే పద్దెనిమిదేళ్ల తర్వాత పిల్లల కోసం తీసిన సీరియల్‌లో మొదటి ముసలాయన గొంతుతోనే మాట్లాడాడు. పిల్లలకు రెండో ముగింపు అర్థం కాదనుకున్నారేమో. సినిమాలో ఆ ముగింపు అడిగింది పిల్లోడే మరి!

ఇక ‘లైలా’ దగ్గరికి వద్దాం. 2019 జూన్ 14న నెట్‌ఫ్లిక్స్‌లో ఆరు భాగాలుగా వచ్చింది. ప్రయాగ్ అక్బర్ నవల మూలం. దీపా మెహతా, శంకర్ రామన్, పవన్ కుమార్ దర్శకులు. హుమా ఖురేషీ షాలినిగా, మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన సిద్ధార్థ్ భానుగా వేశారు. 2040ల చివర్లో దేశం పేరు ఆర్యావర్త. కులానికో గోడ, మతానికో గోడ. గోడల బయట చెత్తకుప్పల్లో ‘దూష్’ అని పిలవబడే జనం. హిందువైన షాలిని ముస్లింను పెళ్లి చేసుకుంది. భర్తను చంపుతారు, కూతుర్ని ఎత్తుకుపోతారు, ఆమెను శుద్ధి కేంద్రంలో వేస్తారు. ఆరు భాగాలూ ఆ తల్లి కూతురి కోసం వెతుకులాట.

ఇంత సూటిగా కులం గురించి మాట్లాడిన శాస్త్ర కల్పన సీరియల్ మన దేశంలో మాకు ఇంకోటి కనబడలేదు. ఆ ధైర్యాన్ని ఒప్పుకుంటున్నాం. వచ్చిన కొత్తలో దాన్ని హిందూ వ్యతిరేకమని తిట్టిపోసినవాళ్ల పక్కన మేము నిలబడం. అయితే దాని ముగింపు గురించి మాత్రం గట్టిగా మాట్లాడాలి.

చివర్లో షాలిని పెద్దల సభలోకి చేరుతుంది. ఆమె దగ్గర విషవాయువు ఉంది. కూతురు ఎదురుగా ఉంది గానీ తల్లిగా గుర్తించే స్థితిలో లేదు. ఏం జరిగిందో చెప్పకుండా కథ ఆగిపోతుంది. రెండో సీజన్ రాలేదు. పత్రికల్లో రాసినవాళ్లంతా ‘షాలిని ఏం చేసింది, లైలా దక్కిందా’ అని తలలు పట్టుకున్నారు. మాకు ఆ రెండు ప్రశ్నల మీదా అంత బెంగ లేదు. ఈ కథ ఈతకొలను ఉన్న ఇంట్లో మొదలైంది. గుక్కెడు నీళ్లకు జనం కొట్టుకుచస్తున్న నగరంలో ఈతకొలను. నీళ్ల గురించి అంత పెద్ద ప్రశ్న వేసి మొదలుపెట్టినవాళ్లు చివరికొచ్చేసరికి ఆ ప్రశ్ననే మర్చిపోయారు. మా కోడుమూరు మాటల్లో అడగాలంటే, ఆ నీళ్లు యాడికి పాయ?

ఇంకొకటి, స్కైడోమ్. నగరంలో పెద్దలుండే చోటు మీద పెద్ద గొడుగులాంటి కప్పు వేసి లోపలంతా చల్లగా ఉంచుతారు. లోపలి వేడి బయట మురికివాడల మీదికి కక్కుతారు. సీరియల్ మొత్తంలో శాస్త్రం కులంగా మారే చోటు ఇదొక్కటే. ఊరికి చల్లదనం, వాడకు వేడి. అగ్రహారం పైన, చావడి నడుమ, వాడ మురుగు పారే దిక్కున అనే పాత పటాన్నే యంత్రంతో మళ్లీ గీశారు. నిజానికి కథను ఇక్కడే ముగించాల్సింది. ఆ కప్పు లేచిందా, కూలిందా? బయట ఉన్నోళ్లు ఏం చేశారు? దూష్ జనంలో ఒక్క మనిషికైనా సొంత కోరిక, సొంత తెలివి, సొంత ముగింపు ఇచ్చి ఉంటే ఆరు భాగాలు చాలేవి. ఇవ్వలేదు. వాళ్లు షాలిని పడిపోయిన లోతు ఎంతో చూపించే కొలగుంజలుగా మిగిలారు. పైకులం ఆడమనిషి కిందికి జారితే విషాదం, మొదట్నుంచీ కిందే ఉన్నోళ్లది దృశ్యం. ‘లైలా’ ముగింపు విఫలమైంది రెండో సీజన్ రాక కాదు. వచ్చినా అది షాలిని దగ్గరే మొదలయ్యేది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి పక్కదారి అయినా ఒక సంగతి చెప్పాలి. కోడుమూరు హంద్రీ ఒడ్డున ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ ఏట్లో ఇసుకే కనబడుతుంది. హంద్రీ మీద గాజులదిన్నె దగ్గర కట్టిన ప్రాజెక్టుకు దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. కర్నూలు పక్క పెద్దపాడులో పుట్టి, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌కు తొలి దళిత ముఖ్యమంత్రి అయినవాడు. 1962లో కోడుమూరు నుంచి శాసనసభకు గెలిచినవాడు. గెలిచిన ఏడాదే, మార్చిలో, ముఖ్యమంత్రి కుర్చీలో నీలం సంజీవరెడ్డి కూర్చున్నాడు. సంజీవయ్యకు కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఇచ్చి ఢిల్లీకి తీసుకుపోయారు. దాన్ని గౌరవం అన్నారు. కథ బాగా నడుస్తుండగా సీజన్ ఆపేసి, నటుడికి వేరే సీరియల్‌లో పెద్ద పాత్ర ఇవ్వడం టీవీవాళ్లు కనిపెట్టిన విద్య కాదు.

‘లైలా’ దర్శకుల్లో ఒకడైన పవన్ కుమారే 2021 జూలైలో ‘ఆహా’లో ‘కుడి ఎడమైతే’ ఇచ్చాడు. తెలుగులో నికార్సయిన శాస్త్ర కల్పన సీరియల్ అని చెప్పదగినవి కొన్నే, వాటిలో ఇది ముందుంటుంది. ఎనిమిది భాగాలు. పోలీసు అధికారి దుర్గ (అమలా పాల్), సినిమా పిచ్చితో తిరిగే ఫుడ్ డెలివరీ కుర్రవాడు ఆది (రాహుల్ విజయ్) చనిపోతారు, మళ్లీ అదే రోజులో లేస్తారు. కథ అల్లిక బిగువుగా ఉంది, ఒప్పుకోవాల్సిందే. నేర పరిశోధన ముడులు చాలావరకు విప్పారు కూడా. కానీ రోజు మళ్లీ మళ్లీ అదే కావడం పోలీసు అధికారికి విపరీతం, డెలివరీ కుర్రవాడికి అది ఉద్యోగం. ఈ తేడాను పట్టుకుని ఉంటే సీరియల్ వేరే ఎత్తుకు పోయేది. ఇద్దరినీ ఒకే చక్రంలో వేసి, చక్రం తిప్పే తెలివి మాత్రం ఖాకీ దగ్గరే ఎక్కువ ఉంచారు.

‘కల్కి 2898 ఏడీ’ టీవీ సీరియల్ కాదు, 2024లో వచ్చిన సినిమా. అయినా భాగాలు భాగాలుగా సాగే కథగా కట్టారు కాబట్టి ఇక్కడ చెప్పక తప్పదు. కింద ఎండిపోయిన కాశీ, పైన నీళ్లూ పచ్చదనమూ అన్నీ పోగేసుకున్న కాంప్లెక్స్. ‘లైలా’ గోడ ఇక్కడ ఆకాశానికి లేచింది, అంతే తేడా. ఇంత మంచి బొమ్మ గీసి, దానికి పరిష్కారంగా కడుపులో ఉన్న అవతారాన్ని చూపించారు. మొదటి భాగం ముగింపు తెరిచే ఉంచారని అందరూ అన్నారు. యాడ తెరిచినారు? ఆ ముగింపు ఎన్ని వందల ఏళ్ల కిందటో పురాణాల్లో రాసి పెట్టేశారు. విష్ణుపురాణం కలియుగాన్ని ఎట్లా వర్ణించిందో చదవండి. వర్ణాలు కలిసిపోవడం, శూద్రులు పైకి రావడం, ఇవే లోకం పాడైందనడానికి గుర్తులు. కల్కి వచ్చి చేసేది దాన్ని సరిదిద్దడం. అంటే మన పిల్లలు 2898 దాకా ఎగిరిపోయి దిగేది మనువు పెరట్లో. దర్శకుడు నాగ్ అశ్విన్ రాబోయే భాగంలో ఈ పురాణానికి ఎదురు తిరిగితే చప్పట్లు కొట్టడానికి మేము సిద్ధమే.

ఈ మాటలు విని కొందరు మిత్రులు తొందరపడి ఒక సూత్రం చేసేస్తారు: ముగింపు మూసేస్తే బ్రాహ్మణీయం, తెరిచి ఉంచితే ప్రగతిశీలం. ఇది మాకు సమ్మతం కాదు. తెరిచి ఉంచడంలో గొప్పతనం ఉందని చెప్పేవాళ్లు చుండూరు పోయి చెప్పాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి పోరాడాల్సొచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇది తెరిచిన ముగింపా, మూసిన ముగింపా? కొట్టినోళ్లకు మూసేశారు, పోగొట్టుకున్నోళ్లకు తెరిచి పెట్టారు. పుండు తెరిచి ఉంచడాన్ని సౌందర్యం అనడానికి నోరెట్లా వస్తుంది? మాకు కొన్ని కథలు ముగియాలి. తీర్పు రావాలి, నీళ్లు రావాలి, చేయి ఎట్లా పోయిందో చెప్పాలి. మొదటి భాగంలో వెలివాడను చూపించినోడు చివరి భాగంలో వెలివాడకు బాకీ ఉంటాడు. ఆ బాకీ చెల్లించాక తలుపు వేసుకున్నా, తీసి పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఆ బాకీని వసూలు చేసిన ఉదాహరణ ఒకటి మాకు తెలుసు. ‘స్టార్ ట్రెక్’ వరసలో ‘డీప్ స్పేస్ నైన్’ అనే సీరియల్ 1993 నుంచి 1999 దాకా నడిచింది. అందులో అంతరిక్ష స్థావరానికి అధిపతి నల్లజాతివాడు, సిస్కో. వేసింది ఏవరీ బ్రూక్స్. 1998లో ఆయనే దర్శకత్వం వహించిన ఒక భాగంలో సిస్కో తనను 1950ల న్యూయార్కులో బెన్నీ రస్సెల్ అనే నల్ల రచయితగా చూసుకుంటాడు. బెన్నీ ఒక పత్రికకు కథ రాస్తాడు. అందులో నల్లవాడు అంతరిక్ష స్థావరానికి అధిపతి. సంపాదకుడు అచ్చెయ్యనంటాడు. తోటివాళ్లు ఉపాయం చెబుతారు: చివర్లో ఇదంతా కల అని రాస్తే సరిపోతుంది. బెన్నీ ఒప్పుకుంటాడు. అయినా యజమాని ఆ సంచికనే నాశనం చేయిస్తాడు, బెన్నీ ఉద్యోగం పోతుంది. ‘కల’ అనే ముగింపు ఎవరి సౌకర్యం కోసం పుట్టిందో ఇంత తేటగా చెప్పిన టీవీ భాగం మేము ఇంకోటి చూడలేదు. మన సినిమాల్లో కూడా కూలోడు జమీందారు కూతుర్ని పెళ్లాడేది కలలోనే కదా, పాట అయిపోగానే మెలకువ.

అదే సీరియల్ 1999 జూన్‌లో ముగిసింది. ఏడేళ్ల కథ, పెద్ద యుద్ధం, లెక్కలేనన్ని పాత్రలు. చాలా ముళ్లు విప్పారు, కొన్ని హడావుడిగా విప్పారు, దుష్టుణ్ణి మంటల్లో తోసెయ్యడం మాకు పాత జానపద సినిమాలా అనిపించింది. చివర్లో సిస్కో కడుపుతో ఉన్న భార్యను వదిలి కాలానికి అతీతమైన దేవతల్లాంటి వాళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు, తిరిగి రాడు. మొదట అట్లాగే తీశారు. రచయితలకు అందులో తప్పేమీ కనబడలేదు, వాళ్ల దృష్టిలో అది త్యాగం. బ్రూక్స్‌కు కనబడింది. కడుపుతో ఉన్న భార్యను వదిలి పారిపోయే నల్లవాడు అనే బొమ్మను అమెరికా ఎన్నేళ్లుగా గీస్తోందో ఆయనకు తెలుసు. ఏడేళ్లు దానికి విరుద్ధంగా, కొడుకును చేతుల్లో పెంచిన తండ్రిగా నిలబడి, ఆఖరు రోజున అదే బొమ్మలోకి దిగిపోవడం ఆయనకు మింగుడుపడలేదు. రచయితలకు ఆ మాట చెప్పాడు. వాళ్లు విన్నారు. భార్యతో వీడ్కోలు దృశ్యాన్ని మళ్లీ తీశారు. తాను తప్పకుండా తిరిగొస్తానని సిస్కో ఆమెకు మాట ఇచ్చినట్టు మార్చారు.